పన్నెండో గీత కింద

బొంబాయి కామాఠీపురాలో శంకర్రావు ఉండే ఒంటిగది ఖోలీకి ఎవరు వెళ్లినా ముందు గోడ చూడాలి, ఆ తర్వాతే చాయ్. గోడ మీద దేవుళ్ల పటాలు వరసగా ఉంటాయి. వరస చివర, తిరుపతి వెంకన్న పక్కనే, అద్దం వేసి చట్రం కట్టించిన ఒక ఇంగ్లీషు కాగితం ఉంటుంది. అందులో ఉన్నది ముప్పై గీతల కంప్యూటర్ రాత. అన్నిటికన్నా పైన మాత్రం శంకర్రావు కూతురు సపన పేరు ఉంది.

ఏటా దసరా నాడు శంకర్రావు తన తాపీని, గుండుదారాన్ని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూలు చుడతాడు. ఆయన తండ్రి వెంకటయ్య పాలమూరు నుంచి వచ్చి ఈ బొంబాయిలో గోడలు లేపాడు. ఆ గోడల పగుళ్లకు నలభై ఏళ్లు మాట్లు వేసింది శంకర్రావు. కాబట్టి ఆ ఇంట్లో పనిముట్ల పూజ తప్పదు. ఎనిమిదేళ్లుగా ఆ పూజలో ఈ కాగితం కూడా చేరింది. అద్దం మీద, సరిగ్గా బిడ్డ పేరు ఉన్నచోట బొట్టు పెడతాడు. కాకి పిల్ల కాకికి ముద్దు. ఇంగ్లీషు చదవలేని కాకి ఇంకాస్త ఎక్కువే ముద్దు చేస్తుంది.

ఆ ముద్దుకు కారణం లేకపోలేదు. సపన ఇరవై నాలుగేళ్ల వయసులో గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర ఒక కంప్యూటర్ రిపేరు దుకాణంలో పని చేసేది. అక్కడికి, పేరు కొడితే వరస నంబరు ఇచ్చే చవక రకం టోకెన్ డబ్బాలు రిపేరుకు వచ్చేవి. డబ్బాలో ఉన్న చిన్న చిప్పుతో కంప్యూటర్ మాట్లాడేది కాదు. కంప్యూటర్ లోపల కర్నెల్ అని ఒకటి ఉంటుంది. అది పనిలో ఉన్న మేస్త్రీ లాంటిది, ఎవరికి ఏ చోటు, ఎవరికి ఏ సామాను అన్నది అదే చెబుతుంది. ఆ మేస్త్రీకి ఈ కొత్త చిప్పు భాష రాదు. సపన మూడు నెలలు కూర్చుని ఆ భాష నేర్పే ముక్క రాసింది. లోకమంతా కలిసి రాసుకునే, ఎవరైనా చదివి దిద్దగలిగే కర్నెల్‌లో దాన్ని చేర్చుకున్నారు. పైన ఆమె పేరు వేసి, దీని బాగోగులు ఇకమీద ఈమే చూడాలని రాశారు. ఆ పేరు చూసే తర్వాత ఒక చిన్న కంపెనీ పిలిచి ఉద్యోగం ఇచ్చింది. శంకర్రావు ఆ రాతను కాగితం మీద అచ్చు తీయించి, పరుగున పోయి చట్రం కట్టించాడు.

దసరా ఇంకో పది రోజులు ఉందనగా, బుధవారం పొద్దున సపన చాయ్‌లో పావ్ ముంచుకుంటూ ఫోన్ చూసింది. పుణెలో చదువుకునే సాక్షి అనే అమ్మాయి ఉత్తరం రాసింది. 'మేడమ్, నేను పొరబడి ఉంటే క్షమించండి. మీ రాత వల్ల కర్నెల్‌లోని మాటలు బయటికి వస్తున్నట్టు అనిపిస్తోంది' అని మొదలుపెట్టి, కింద రెండు పేజీలు లెక్కగా వివరించింది.

సపన మొదటి పేజీ చదివి తలెత్తి గోడ చూసింది. పన్నెండో గీత దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. పావ్ చాయ్‌లో పడి నానిపోయింది.

తప్పు అర్థం కావడానికి కంప్యూటర్ చదువు అక్కర్లేదు. ఏదైనా ప్రోగ్రామ్ వచ్చి "డబ్బా ఎలా ఉంది?" అని అడిగితే, సపన రాసిన ముక్క ఒక పలక తీసుకుని జవాబు రాసి ఇస్తుంది. పలకకు అరవై నాలుగు గళ్లు. జవాబుకు నలభై గళ్లు చాలు. మిగతా ఇరవై నాలుగు గళ్లలో అంతకుముందు ఆ పలక వాడినవాళ్లు రాసుకున్నది అలాగే ఉంటుంది. ముందుగా పలక తుడవాలి. తుడవమనే గీత పన్నెండో గీత కింద ఉండాలి. ఎనిమిదేళ్లుగా అక్కడ ఆ గీత లేదు.

ఇంట్లో పాత టోకెన్ డబ్బా ఒకటి ఉంది. సపన అందులో అమ్మ పేరు ఒకసారి కొట్టి, సాక్షి పంపిన చిన్న ప్రోగ్రామును నడిపించింది. డబ్బాను అది పదే పదే ఒకే ప్రశ్న అడిగింది. కాసేపు చెత్త అక్షరాలు వచ్చాయి. తర్వాత, ఎవరూ అడగకుండానే, వజ్రమ్మ పేరులో సగం తెరమీద కనబడింది. ఆ వజ్రమ్మ అప్పుడు రెండడుగుల దూరంలో కొత్తిమీర వలుస్తూ ఉంది. సపన చటుక్కున తెర మూసేసింది.

అవే డబ్బాలు పక్క గల్లీలో టీబీ మందులిచ్చే కేంద్రంలో ఉన్నాయి. ధారావిలో ఇంకో కేంద్రంలో ఉన్నాయి. ఇంకా ఎన్ని ఊళ్లలో ఉన్నాయో ఆమెకు తెలియదు. ఆ కేంద్రాలకు వచ్చేవాళ్లు పేరు బయటికి పొక్కదనే నమ్మకం మీద వస్తారు. టీబీ అని తెలిస్తే ఖోలీ ఖాళీ చేయమనేవాళ్లున్నారు, కుదిరిన సంబంధం తప్పించేవాళ్లున్నారు, కుళాయి దగ్గర బిందె దూరంగా జరుపుకునేవాళ్లున్నారు. పేర్లు చూసే హక్కు లేని ప్రోగ్రామ్ ఏదైనా ఆ డబ్బాలోకి చేరితే చాలు, ప్రశ్న అడుగుతూ అడుగుతూ ముక్కముక్కగా పేర్లన్నీ పోగు చేసుకోవచ్చు.

సపన సాక్షికి జవాబు రాసింది. 'నువ్వు పొరబడలేదు. తప్పు నాదే.' తర్వాత కర్నెల్ భద్రత చూసే బృందానికి కబురు పెట్టింది. సాయంత్రానికల్లా ఒక మాట కుదిరింది. మందు, అంటే ఆ ఒక్క గీత, మంగళవారం అందరికీ ఒకేసారి విడుదల చేయాలి. అప్పటిదాకా నాలుగో మనిషికి తెలియకూడదు. మందు చేతికి రాకముందే జబ్బు చాటితే దొంగకు దారి చూపినట్టే. రెండు కేంద్రాలవాళ్లకు ఫోన్ చేసి, "వారం రోజులు డబ్బాలో కొత్త ప్రోగ్రాములేవీ వేయకండి" అని మాత్రం చెప్పింది.

నోరు కట్టుకోవడం సులువే అనుకుంది. ఆమె మరిచిన సంగతి ఒకటుంది. వాళ్లుండేది చాల్‌లో, అంటే వరస గదుల పాత మేడలో; అంతస్తుకు పందొమ్మిది ఖోలీలు, అందరికీ ఒకటే వరండా. అక్కడ ఎవరింట్లో పప్పు మాడినా చివరి ఖోలీ వాళ్లు దగ్గుతారు. జల్లెడలో నీళ్లు నిలవొచ్చు గాని చాల్‌లో రహస్యం నిలవదు. ఫోన్ మోగగానే సపన మెట్ల కిందికి పరుగెత్తడం మొదలుపెట్టేసరికి గురువారం నాటికి వరండాకు ఒక కథ దొరికింది.

"ఎవలే ఆ పోరడు?" అని వజ్రమ్మ నిలదీసింది.

"పోరడు కాదమ్మా. పుణె పోరి. పని మీద మాట్లాడుతున్న."

"పనైతే మెట్ల కింద కాయ్‌కు?"

'పుణె పోరి' అన్న జవాబుతో వజ్రమ్మ అనుమానం తీరకపోగా కొత్త దారి పట్టింది. ఆ పూటంతా కూతురి ముఖం కేసి చూస్తూనే రొట్టెలు కాల్చింది. రెండు మాడాయి.

అసలు గండం ఫాక్‌లాండ్ రోడ్ నుంచి వచ్చింది. అక్కడ సపన పిన్ని కొడుకు స్వప్నిల్‌కు ఫ్లెక్సీలు అచ్చువేసే దుకాణం ఉంది. తెలుగు సమాజం వాళ్లు ఆ ఆదివారం సపనకు సన్మానం పెట్టుకున్నారు. నెల కిందే అనుకున్న సంగతి అది, ఆమే మరిచిపోయింది. శుక్రవారం స్వప్నిల్ ఖోలీకి వచ్చి, కుర్చీ ఎక్కి, పటానికి అటూ ఇటూ వంగి ఫోటోలు తీసుకున్నాడు.

"ఏం చేస్తున్నవురా?"

"ఫ్లెక్స్ తాయీ! మా అక్కకు ఎనిమిది ఫీట్ల ఫ్లెక్స్. నీ ఫోటో చిన్నగ, ఈ కాగితం మోఠగ. ఏక్‌దమ్ ఝకాస్ ఉంటది."

"కాగితం వద్దురా. నా ఫోటో ఒక్కటే వెయ్."

"నీ మొఖం అందరు రోజు చూస్తనే ఉన్నరు. టెన్షన్ నకో!"

వద్దని గట్టిగా అంటే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెప్పకూడదు. సపన అతను పడకుండా కుర్చీ పట్టుకుంది. లోకం కంటికి కనబడేలా ఆ రాత ఎనిమిదేళ్లుగా బయటే ఉంది, ఫ్లెక్సీ వేస్తే కొత్తగా పోయేదేమీ లేదు. పోయేదల్లా తన పరువు. అది కూడా ఎనిమిది అడుగుల ఎత్తున పోతుంది.

ఇక్కడ ఆమె బలహీనత కూడా చెప్పాలి. చెప్పకపోతే ఆమెను దేవతను చేసినట్టవుతుంది, దేవతలు ఆ గోడ మీద ఇప్పటికే సరిపడా ఉన్నారు. దిద్దుబాటు గీత బుధవారమే రాసేసింది. మిగిలింది దాని పైన రాయాల్సిన నాలుగు మాటలు. ఈ మార్పు ఎందుకు చేస్తున్నామన్న చీటీ అది. సోమవారం సాయంత్రంలోగా పంపాలి. సపన మొదట రాసిన చీటీ ఇది: 'చిన్న శుభ్రత.' అంతే. అలా రాస్తే ఎవరూ రెండోసారి చూడరు. గోడ మీద కాగితం మచ్చ లేకుండా ఉంటుంది. నాయిన దాని మీద దసరా బొట్టు పెడతాడు. కాకపోతే ఊళ్లలోని డబ్బాల బాగోగులు చూసేవాళ్లు చిన్న శుభ్రతలను పట్టించుకోరు. ప్రమాదం అని రాసినవాటినే తీసుకుని డబ్బాల్లో వేస్తారు. శుభ్రత అని రాస్తే దిద్దుబాటు అసలు రాతలోనే ఉండిపోతుంది, డబ్బాలకు చేరదు, పేర్లు మాత్రం కారుతూనే ఉంటాయి. ఇదంతా సపనకు తెలుసు. తెలిసి కూడా రోజుల తరబడి ఆ చీటీ మార్చలేదు.

ఆదివారం సమాజం హాలు నిండిపోయింది. వేదిక వెనక ఫ్లెక్సీ. స్వప్నిల్ మాట నిలబెట్టుకున్నాడు, కాగితం నిజంగానే మోఠగా ఉంది. పన్నెండో గీతకూ పదమూడో గీతకూ మధ్య ఇప్పుడు చెయ్యి దూరేంత సందు. సపన దానికి వీపు పెట్టి కూర్చుంది. శాలువా కప్పారు, కొబ్బరికాయ చేతిలో పెట్టారు. మాట్లాడిన ప్రతివాడూ "ఒక్క తప్పు లేకుండా రాసిన బిడ్డ" అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ మాట విన్నప్పుడల్లా ఆమె శాలువా సర్దుకుంది.

చివరికి సమాజం అధ్యక్షుడు పెంటయ్య మైకు ఆమె ముందు పెట్టాడు. "బిడ్డా, మాకు సదువు రాదు. ఈ కాగితంల ఏం రాసినవో ఒక్కొక్క లైను జర సమజ్ చెయ్. పోరగాళ్లు ఇంటరు."

సపన లేచి నిలబడింది. కొబ్బరికాయను కుర్చీలో పెట్టింది. అబద్ధం చెప్పడం చేతకాదు, నిజం చెప్పకూడదు. హాలంతా ఎదురుచూస్తోంది.

మొదటి వరసలోంచి శంకర్రావు లేచాడు. "పెంటయ్య బావా, గోడ కట్టినోన్ని పిలిచి ఒక్కొక్క ఇటుక లెక్క చెప్పమంటే అందరం ఈడనే ముసలోళ్లమైతం. అన్నం సల్లారుతున్నది. లేవుండ్రి!"

అన్నం మాట వినపడ్డాక ఏ సభా నిలవదు. బెంచీలు కదిలాయి. మైకు పట్టుకుని పెంటయ్య ఒక్కడే మిగిలాడు. సపన తండ్రి వైపు చూసింది. ఆయన అప్పటికే విస్తళ్ల దగ్గర నిలబడి ఎవరినో కూర్చోమంటున్నాడు.

సోమవారం పొద్దున్న వజ్రమ్మ నీళ్లు పట్టడానికి పోయింది. సపన కంప్యూటర్ ఒళ్లో పెట్టుకుని ఆ చీటీకేసి చూస్తోంది. శంకర్రావు తాపీకి పట్టిన తుప్పును ఇటుక ముక్కతో రుద్దుతున్నాడు, దసరాకు తయారు చేయాలి కదా. తల ఎత్తకుండానే అడిగాడు.

"పన్నెండో గీత కింద ఏమున్నది బిడ్డా?"

సపన తెర మీదికి వంగింది. "ఏం లేదు నాయినా."

"అదే అడుగుతున్న. ఏం లేని కాడ ఆరు దినాల సంది ఏం సూస్తున్నవ్?"

ఆయనకు ఇంగ్లీషు రాదు, లెక్కపెట్టడం వచ్చు. నలభై ఏళ్లు గోడల్లో పగుళ్లు వెతికిన మనిషికి, ఇంకొకరి కళ్లు పగులు మీద ఎలా ఆగుతాయో తెలుసు. సపన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రేపటిదాకా చెప్పొద్దు నాయినా. మాట ఇచ్చిన."

"నాకు జెప్పకు. నాకెందుకు? నేను ఒకటి జెప్త, ఇను." తాపీని కింద పెట్టాడు. "నీ అంత వయసుల బైకలాల ఒక ఇంట్ల గోడకు ప్లాస్టర్ జేసిన. ఉసికె కడగక వాడిన, పగిలింది. నా పనే. ఎవరన్న సూస్తరని పగులు మీద సున్నం కొట్టిన. తెల్లగ, మంచిగ కొట్టిన. ఆ ఇంటామె చాయ్ గూడ పోసింది. రెండేండ్లకు ఆ ప్లాస్టర్ పెచ్చు లేసి ఉయ్యాల మీద పడ్డది."

"అయ్యో! పాప?"

"లేదు. తల్లి సంకల ఉన్నది. గాని నాకు వారం దినాలు బువ్వ పోలే." ఇటుక ముక్కను కూడా పక్కన పెట్టాడు. "పగులును ముందు తవ్వాలె బిడ్డా. ఎంత లోతున్నదో కండ్లకు కనబడేటట్టు పెద్దది జెయ్యాలె. అప్పుడే మాటు పడ్తది. దినం, పేరు పక్కనే రాయాలె. ఎనకవచ్చినోడు ఆడనే తట్టి సూస్తడు. అది నామోషి గాదు."

శంకర్రావు మాట్లు వేసిన ఇళ్లలో ఇప్పటికీ చూడొచ్చు. పచ్చి సిమెంటు మీద వేలితో రాసిన తేదీ, పక్కనే 'శం' అన్న అక్షరం. సపన చిన్నప్పుడు ఆ అక్షరాలను గొప్ప కోసం రాసుకున్నవని అనుకునేది.

తండ్రి మళ్లీ ఇటుక ముక్క అందుకున్నాడు. సపన 'చిన్న శుభ్రత'ను చెరిపేసింది. ఆ చోట ఇలా రాసింది: 'తుడవని పలక వల్ల కర్నెల్‌లోని రహస్యాలు, మనుషుల పేర్లతో సహా, బయటికి వస్తున్నాయి. ఈ డబ్బాలు వాడేవాళ్లంతా వెంటనే వేసుకోవాలి. తప్పు ఎనిమిదేళ్ల కిందట నేను రాసిన మొదటి రాతలోనే ఉంది. కనిపెట్టి చెప్పింది సాక్షి.' చదువుకుని, పంపేసి, చాలా రోజుల తర్వాత తీరిగ్గా చాయ్ తాగింది.

మంగళవారం అది లోకానికి విడుదలైంది. ఆకాశం విరిగిపడలేదు. ఎవరో తెలియనివాళ్లు ఇద్దరు ధన్యవాదాలు రాశారు, ఒకాయన ఎనిమిదేళ్లు ఎలా చూడలేదని దెప్పాడు. సపన ఆయనకూ మర్యాదగానే జవాబిచ్చింది. బుధవారం పొద్దున పక్క గల్లీ కేంద్రానికి స్వయంగా పోయి డబ్బాలో దిద్దుబాటు వేసింది. ధారావికి బయలుదేరబోతుంటే అక్కడ డబ్బా చూసుకునే శ్రీనివాస్ ఫోన్ చేశాడు.

"అక్కా, డబ్బా మీద అర్జెంట్ అని వచ్చింది. నిన్న మాపటికే వేసిన. మంచిగనే ఉన్నది గదా?"

"మంచిగనే ఉన్నది తమ్మీ," అంది సపన. ఫోన్ పెట్టాక గల్లీలో నిలబడి ఒక్కతే నవ్వుకుంది. శుభ్రత అని రాసి ఉంటే ఆ డబ్బా మీద ఏ కబురూ వచ్చేది కాదు.

ఆ సాయంత్రం ఇంట్లో అంతా చెప్పింది. వజ్రమ్మకు రెండు సంగతులు ఒకేసారి తెలిశాయి: కూతురు తప్పు చేసిందని, పుణె పోరి నిజంగా పని మీదే ఫోన్ చేసిందని. మొదటిదానికి "అందరు చేస్తరు తీ" అంది. రెండోదానికి కొంచెం నిరాశపడ్డట్టే కనబడింది. పాపం, వరండాకు ఏం జవాబు చెప్పాలా అన్నదే ఆమె బెంగ. శంకర్రావు మాత్రం ఒక్క మాటే అడిగాడు. "కొత్త కాగితం ఉన్నదా?"

దసరా పొద్దున సపన స్నానం చేసి వచ్చేసరికి గోడ మీద పాత పటం లేదు. ఆమె మనసు చివుక్కుమంది. తీసేశాడు, తీసేయక ఏం చేస్తాడు అనుకుంది. ఇంతలో శంకర్రావు స్వప్నిల్‌తో కలిసి మెట్లెక్కి వచ్చాడు. స్వప్నిల్ చేతిలో చట్రం ఒకటే, వెడల్పు రెట్టింపు. అందులో పాత కాగితం, పక్కనే కొత్తది. ఒకే అద్దం కింద రెండూ.

"పగులొక కాడ, మాటొక కాడ పెడితే ఎవలకు సమజైతది?" అన్నాడు శంకర్రావు, ఎవరూ అడక్కపోయినా.

మేకు కొట్టి పటం తగిలించాడు. తాపీకి, గుండుదారానికి పూలు చుట్టాడు. కుంకుమ వేలికి అద్దుకుని పటం ముందు నిలబడి కొత్త కాగితాన్ని పైనుంచి కిందికి చూశాడు.

"నీ పేరేడున్నది?"

సపన చూపించింది. రెండు చోట్ల ఉంది, తప్పు చేసిన చోట ఒకటి, దిద్దిన చోట ఒకటి. రెండింటికీ చిన్న చిన్న బొట్లు పెట్టాడు.

"ఆ పిల్ల పేరు?"

"ఇగో, ఈ కింద. సాక్షి."

శంకర్రావు మళ్లీ కుంకుమ అద్దుకున్నాడు. ఈసారి నిండా అద్దుకున్నాడు. పుణెలో ఎక్కడో ఉన్న, తను ఎన్నడూ చూడని అమ్మాయి పేరు మీద కూతురి బొట్లకన్నా పెద్ద బొట్టు పెట్టి, వెనక్కి ఒక అడుగు వేసి చూసుకున్నాడు.

"పండక్కు పిలవకపోతివి," అన్నాడు. "తప్పు జూపించినోళ్లకు అన్నం పెట్టాలె గదా."

సపన పటానికి ఎదురుగా వచ్చి నిలబడింది. ఫోన్ తీసి పటాన్ని ఫోటో తీసి, సాక్షికి పంపి, కింద రాసింది: 'మా నాయిన నిన్ను భోజనానికి రమ్మంటున్నాడు. మా అమ్మకు నువ్వు ముందే తెలుసు.'